పోయిన కారు జాడ ఎవరు చెబుతారు?

కారుకు జీపీఎస్ పెట్టించాం, ఇక ఎక్కడికి పోయినా ఉపగ్రహం చూస్తూనే ఉంటుందని చాలామంది ధీమా. నిజానికి ఉపగ్రహానికి మన కారు సంగతే తెలియదు. రేడియోలో వార్తలు వినేవాడు ఏ ఊళ్లో ఉన్నాడో ఆకాశవాణికి తెలియనట్టే, సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు తమ చోటును, సమయాన్ని ప్రసారం చేసుకుంటూ పోతాయి. ఆ సంకేతాలు విని, లెక్కగట్టి తన చోటు తెలుసుకోవడం కారులోని ట్రాకర్ పని. తెలుసుకున్నది యజమానికి చేరవేయడం పూర్తిగా వేరే పని, దానికి వేరే దారి కావాలి. ఈ రెండు పనుల్లో ఏ ఒక్కటి ఆగినా కారు జాడ తెలియదు. ట్రాకర్ ఎంచుకునేటప్పుడు ధర, యాప్ హంగులకన్నా ముందు చూడాల్సింది ఇదే.

తెలుసుకునే పని

ఉపగ్రహం నుంచి సంకేతం బయలుదేరిన క్షణానికీ, చేరిన క్షణానికీ ఉన్న తేడాను కాంతివేగంతో గుణిస్తే దూరం వస్తుంది. మూడు దూరాలతో చోటు తేలుతుంది. ట్రాకర్‌లో ఉండే చౌక గడియారం పొరపాటును సరిదిద్దడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. సెకనులో వందకోట్లవ వంతు తప్పినా దూరంలో 30 సెంటీమీటర్ల తేడా వస్తుంది. అందుకే ఉపగ్రహాల్లో పరమాణు గడియారాలు పెడతారు. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన, భారత నావిగేషన్ వ్యవస్థ నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01లో మన దేశంలో తయారైన రుబిడియం గడియారం ఉంది. జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, మన నావిక్ సంకేతాలనూ అందుకునే ట్రాకర్ అయితే ఎత్తయిన భవనాల మధ్య కూడా సరిపడా ఉపగ్రహాలు దొరికే అవకాశం పెరుగుతుంది.

అంత దూరం నుంచి వచ్చేసరికి ఈ సంకేతాలు అతి బలహీనంగా ఉంటాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్ పైకప్పు, కంటెయినర్ లారీ ఇనుప గోడలు వాటిని ఆపేస్తాయి. జేబులో పట్టే జామర్ చాలు, వాటిని ముంచేయడానికి. అమెరికాలో 2012లో ఒక డ్రైవర్ తన జాడ యజమానికి తెలియకూడదని కంపెనీ వాహనంలో జామర్ పెట్టుకున్నాడు. అతను నెవార్క్ విమానాశ్రయం దగ్గరికి వచ్చినప్పుడు, విమానాలు దిగడానికి సాయపడే జీపీఎస్ ఆధారిత వ్యవస్థకే అంతరాయం కలిగింది. మరుసటి ఏడాది అతనికి దాదాపు 32,000 డాలర్ల జరిమానా నోటీసు అందింది. మన దేశంలోనూ అనుమతి లేకుండా జామర్ వాడటం నేరం. కారు ఎత్తుకుపోయేవాడు ఆ నేరానికి జంకుతాడా?

చేరవేసే పని

మన మార్కెట్లో ఎక్కువగా కనిపించేవి సిమ్ కార్డుతో పనిచేసే ట్రాకర్లు. వీటికి మొబైల్ నెట్‌వర్కే దారి. జీపీఎస్ అందకపోయినా, దగ్గరి సెల్ టవర్‌ను బట్టి చోటును ఉజ్జాయింపుగా చెప్పగలవు. పట్నంలో ఆ తేడా కొన్ని వందల మీటర్లు, పల్లెల్లో కిలోమీటర్లు ఉండొచ్చు. చౌక ట్రాకర్లలో కొన్ని 2జీ మీదే నడుస్తాయి. జియోకు 2జీ లేదు కాబట్టి, కొనేముందు పరికరం ఏ నెట్‌వర్క్‌కు సరిపోతుందో అడగాలి.

ఎయిర్‌ట్యాగ్ వంటి బ్లూటూత్ ట్యాగులది వేరే పద్ధతి. వాటిలో జీపీఎస్ ఉండదు, సిమ్ ఉండదు. దగ్గరలో ఉన్న ఎవరిదో ఐఫోన్ ట్యాగ్ పంపే బ్లూటూత్ సంకేతాన్ని అందుకుని, తన చోటును జోడించి రహస్యంగా సర్వర్‌కు పంపుతుంది. నెల చందా లేదు, బటన్ సెల్ ఏడాది వరకూ వస్తుంది. కానీ చుట్టుపక్కల ఐఫోన్లు లేనిచోట అది మూగదే. పైగా ఎవరినైనా రహస్యంగా వెంబడించడానికి ఈ ట్యాగులను వాడకుండా, తెలియని ట్యాగ్ వెంట వస్తోందని ఆ మనిషి ఫోనే హెచ్చరించే ఏర్పాటు ఉంది. ఆడవాళ్ల భద్రతకు అది అవసరమే. అయితే ఆ హెచ్చరిక దొంగ ఫోన్‌లోనూ వస్తుంది.

మూడో దారి మామూలు రేడియో. 1986లో మాసచుసెట్స్‌లో మొదలైన లోజాక్ దీన్నే వాడింది. కారు పోయిందని ఫిర్యాదు అందగానే లోపల దాచిన పరికరం 173.075 మెగాహెర్ట్జ్‌పై సంకేతాలు పంపేది. పోలీసు కార్లలోని రిసీవర్లు దిశను పట్టుకుని వెతికేవి. దాదాపు 1.7 మీటర్ల పొడవుండే ఆ తరంగాలు జీపీఎస్ తరంగాలకన్నా సులువుగా గోడలు దాటి వస్తాయి. కాకపోతే పోలీసుల దగ్గర రిసీవర్ లేకపోతే ఆ పరికరం ఎందుకూ కొరగాదు.

లోజాక్ ఉన్న కారుపై ఏ స్టిక్కరూ ఉండేది కాదు. ఏ కారులో ఉందో దొంగకు తెలియదు కాబట్టి అన్ని కార్లకూ భయపడాల్సి వచ్చేది. ఆర్థికవేత్తలు ఇయాన్ ఏర్స్, స్టీవెన్ లెవిట్ 1998లో ప్రచురించిన పరిశోధనలో, దీనివల్ల సమాజానికి కలిగే మొత్తం మేలులో పరికరం కొన్నవాడికి దక్కేది 10 శాతం కన్నా తక్కువేనని తేల్చారు. మిగతాదంతా ఇరుగుపొరుగు కార్లదే.

కరెంటు ఎక్కడిది?

కారు బ్యాటరీకి కలిపిన ట్రాకర్ నిమిషనిమిషానికీ జాడ చెప్పగలదు. కానీ దొంగ ముందు పీకేది ఆ వైర్లనే. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టులో గుచ్చేవి బిగించడం ఎంత సులువో, పీకడమూ అంతే సులువు. లోపల చిన్న బ్యాటరీ కూడా ఉండి, వైరు తెగిన వెంటనే హెచ్చరిక పంపేదే కొనదగ్గది.

సొంత బ్యాటరీతో ఏళ్ల తరబడి నడిచే రకం రోజంతా నిద్రపోయి, రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే లేచి సందేశం పంపుతుంది. నిద్రలో ఉన్నప్పుడు ఏ రేడియో తరంగమూ వెలువడదు కాబట్టి దొంగ వెతికే డిటెక్టర్‌కు దొరకదు. ట్రాకర్ ఉందేమో చూద్దామని కొందరు దొంగలు కారును ఏదో వీధిలో రెండు మూడు రోజులు వదిలేస్తారు. అలాంటప్పుడు ఈ రకమే అక్కరకొస్తుంది. వైర్ల ట్రాకర్ ఒకటి, నిద్రపోయేది మరొకటి, రెండూ వేర్వేరు చోట్ల ఉంటే దొంగకు పని రెట్టింపు. ట్రాకర్ ఏ రకమైనా సరే, ప్లాస్టిక్, గుడ్డ వెనక దాచాలి గానీ ఇనుప రేకు వెనక కాదు.

కొన్ని ట్రాకర్లు ఫోన్ నుంచే ఇంజిన్ ఆపేస్తామంటాయి. పరుగెడుతున్న కారులో ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకుకు సాయం తగ్గుతుంది, దారినపోయేవాళ్లకు ప్రమాదం. 2022లో మైకోడస్ ఎంవీ720 అనే చౌక ట్రాకర్‌లో, పరాయివాళ్లు దూరం నుంచే ఇంధనం ఆపేయగల లోపాలున్నాయని అమెరికా సైబర్ భద్రతా సంస్థ హెచ్చరించింది. పరికరంతో వచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటిరోజే మార్చేయడం కనీస జాగ్రత్త.

బిగించాక పరీక్షించి చూడండి. సెల్లార్‌లోకి దించి బ్యాటరీ వైరు తీయించండి. హెచ్చరిక ఎంతసేపటికి వచ్చింది? చివరి చోటు సరిగ్గా చూపిందా? నిజంగా కారు పోతే వెంటనే 100కో 112కో ఫోన్ చేసి, యాప్‌లో కనిపిస్తున్న చోటును పోలీసులకు ఇవ్వాలి గానీ ఒంటరిగా వెంటపడకూడదు. ఇంతా చేసి, అర్ధరాత్రి వచ్చిన హెచ్చరిక సైలెంట్‌లో పెట్టిన ఫోన్‌లో తెల్లారేదాకా పడి ఉంటే దొంగకు నాలుగైదు గంటలు కలిసొచ్చినట్టే. యాప్‌లో ఇంట్లో కనీసం ఇద్దరి నంబర్లు పెట్టి, ఆ ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా మోగేలా చూసుకోండి.