మసిలోని నానో రేణువులు, సంతాన సామర్థ్యం

ఆముదపు దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి దాని అడుగున మెత్తని నల్లపొర పేరుకుంటుంది. వేలికి అంటే ఆ కాటుక నిజానికి కార్బన్ నానో రేణువుల కుప్ప. ఒక్కో రేణువు కొలత కొన్ని పదుల నానోమీటర్లు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. తల వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు. పొడవు, వెడల్పు, మందాల్లో ఏదో ఒకటైనా 100 నానోమీటర్లకు లోబడిన కార్బన్ రూపాలను కార్బన్ నానో పదార్థాలంటారు.

మసి మంట పుట్టినప్పటి నుంచీ ఉంది. ప్రయోగశాల రూపాలు మాత్రం నిన్నమొన్నటివి. బంతిలాంటి ఫుల్లరీన్ 1985లో బయటపడింది. 1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఈజిమా సన్నని గొట్టాల్లాంటి నానోట్యూబులను వర్ణించాడు. ఒక్క పరమాణువు మందం రేకైన గ్రాఫీన్ 2004లో వచ్చింది. బ్యాటరీల్లో, విమాన భాగాల్లో, మందులను శరీరంలోకి మోసుకెళ్లే ప్రయోగాల్లో వీటి వాడకం పెరిగేకొద్దీ, ఊపిరితిత్తులకు, గర్భానికి ఏమవుతుందన్న ప్రశ్న కూడా పెరిగింది.

ఉన్నంత మాత్రాన హాని జరగదు. 2006లో జర్మనీ పరిశోధకులు 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తిలో కార్బన్ నానోట్యూబులను కనుగొన్నారు. అలాంటి కత్తులకు ముడి సరుకైన ఉక్కు ముద్దలు ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కొలుముల నుంచి పశ్చిమాసియాకు వెళ్లేవి. ఉక్కులో బిగిసిపోయిన గొట్టం ఎవరి ముక్కులోకీ పోదు. పొడిగా గాలిలోకి లేచినదే శరీరంలో చేరుతుంది. అందుకే పదార్థం పేరు విని భయపడటం కన్నా అది ఏ దారిన, ఎంత మోతాదులో లోపలికి వెళ్తోందో చూడాలి.

పీల్చిన సన్నని రేణువు ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తుల దాకా చేరుతుంది. అక్కడ వాపు మొదలవుతుంది. కొన్ని రేణువులు రక్తంలో కలుస్తాయి. కణాల్లో చురుకైన ఆక్సిజన్ రూపాలు మితిమీరి పుట్టి కొవ్వు పొరలను, డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. దీన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. శుక్రకణం పైపొరలో ఆ దెబ్బకు తేలిగ్గా లొంగే కొవ్వులు ఎక్కువ, మరమ్మతు చేసుకునే శక్తి తక్కువ. నానోట్యూబుల తయారీలో వాడిన ఇనుము, నికెల్, కోబాల్ట్ మిగిలిపోతే అవీ హాని చేస్తాయి. మసి రేణువైతే మంటలో పుట్టిన పాలీ అరోమాటిక్ హైడ్రోకార్బన్లను ఒంటికి అంటించుకుని వస్తుంది.

మగ ఎలుకల మీద 2010లో వెలువడిన ఒక అధ్యయనాన్ని ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి. నీటిలో కలిసే నానోట్యూబులను పలుమార్లు రక్తనాళంలోకి ఎక్కించారు. అవి వృషణాల్లో చేరాయి. 15వ రోజుకు శుక్రకణాలు తయారయ్యే నాళాల లోపలి పొర పలచబడింది. 60 రోజులకు, 90 రోజులకు చూస్తే ఆ గాయం మానింది. శుక్రకణాల సంఖ్యలో, నాణ్యతలో, హార్మోన్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ ఎలుకలతో జతకట్టిన ఆడ ఎలుకలకు మామూలుగానే పిల్లలు పుట్టాయి. ‘నానోతో నపుంసకత్వం’ అని శీర్షిక పెట్టాలనుకునేవారికి ఈ ఫలితం రుచించదు. అయితే ఎలుకలో శుక్రకణం తయారీ సుమారు 35 రోజుల పని, మనిషిలో దాదాపు రెండున్నర నెలలు. పైగా మనిషి పీల్చేది నాలుగైదు మోతాదులతో ఆగదు, ఏళ్ల తరబడి సాగుతుంది.

ఆడ ఎలుకల కథ వేరు. జత కట్టడానికి ఒక రోజు ముందు ఊపిరితిత్తుల్లోకి నానోట్యూబులు ఎక్కించిన ఎలుకలకు తొలి కాన్పు సగటున ఐదు రోజులు ఆలస్యమైందని 2013లో డెన్మార్క్ పరిశోధకులు ప్రకటించారు. అండాశయంలోకి నేరుగా చేరకపోయినా, ఊపిరితిత్తుల వాపు రుతుచక్రాన్ని తారుమారు చేయవచ్చని అనుమానం. జపాన్‌లో గర్భిణి ఎలుకలకు 14 నానోమీటర్ల కార్బన్ రేణువులు ఇస్తే, పుట్టిన మగపిల్లల్లో శుక్రకణాల ఉత్పత్తి బాగా తగ్గింది. అంటే తల్లి శరీరంలో చేరినదాని ప్రభావం కొడుకు మీద పడింది.

మనుషుల్లో ఆధారాలు వచ్చింది ఫ్యాక్టరీ నానోట్యూబుల నుంచి కాదు, మసి నుంచి. బెల్జియంలోని హాసెల్ట్ విశ్వవిద్యాలయం వారు 2019లో ప్రసవానంతరం సేకరించిన మాయల్లో, అదీ బిడ్డ వైపు భాగంలో, నల్ల కార్బన్ రేణువులను చూశారు. కాలుష్యం ఎక్కువున్నచోట కాపురమున్న తల్లుల మాయల్లో అవి ఎక్కువగా కనిపించాయి. 2022లో స్కాట్లండ్‌లోని అబర్డీన్ వారితో కలిసి పిండాల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, మెదడులో కూడా అవి ఉన్నట్టు తేల్చారు. తర్వాత అండాశయంలోనూ కనిపించాయి. అక్కడికి చేరి ఏం చేస్తాయన్నది ఇంకా తేలాల్సిన సంగతి.

నానోట్యూబులు తయారుచేసే కార్మికుల కోసం అమెరికా సంస్థ నియోష్ 2013లో ఘనపు మీటరు గాలిలో ఒక మైక్రోగ్రాము మించరాదని సూచించింది. వంటింటి పొయ్యి దగ్గర అలాంటి గీత గీసేవారు లేరు.

బాపట్ల జిల్లా కారంచేడు లాంటి కొమ్మమూరు కాలువ ఆయకట్టు ఊళ్లలో ఇప్పుడు వంట చాలావరకు గ్యాసు మీదే. స్నానాలకు నీళ్లు కాగేది మాత్రం పెరట్లో, పత్తికట్టె, కందికంప, కొబ్బరిమట్టల మీద. పచ్చికట్టె అయితే మంట కన్నా పొగే ఎక్కువ, ఊదేది ఇంటి ఆడమనిషే. కాగు అడుగున పెంకులా లేచే నల్లపొర గాలికి చిక్కకుండా మిగిలిన మసి, అంతే. పెళ్లిళ్లకు తవ్వే గాడిపొయ్యి, వరి దుబ్బు తగలబెట్టిన పొలం, డీజిల్ ఇంజను కూడా ఆ కోవలోనివే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం పేద మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. కానీ చాలా ఇళ్లలో బండ టీకీ చుట్టాలకీ దాచుకుని, అన్నం కట్టెల మీదే వండారు. 2024 నవంబరు 1న దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు మొదలయ్యాయి.

గ్యాసుకు మారితే పుట్టే బిడ్డకు మేలెంత? తమిళనాడుతో పాటు గ్వాటెమాల, పెరూ, రువాండాల్లో 3,200 మంది గర్భిణులతో చేసిన హాపిన్ అధ్యయనం 2022లో వెలువడింది. గ్యాసు పొయ్యి అందుకున్నవారి ఇంట పొగ బాగా తగ్గింది. బిడ్డ బరువులో తేడా మాత్రం సుమారు 20 గ్రాములే, అది గణాంకపరంగా లెక్కలోకి రానిది. అయితే ఆ స్త్రీలను అధ్యయనంలో చేర్చుకుందే గర్భం 9 నుంచి 20 వారాల మధ్య ఉన్నప్పుడు, కొత్త పొయ్యి అందింది ఆ తర్వాతే. అండం ఎదిగిన కాలం, పిండం మాయ పట్టిన తొలి వారాలు అప్పటికే కట్టెల పొగలో గడిచిపోయాయి.