పూర్వీకుల లెక్క తేల్చుట

తొండూరు మొదలుగా కడప సీమ పల్లెలలో ముస్లిము కుటుంబమువారు పూర్వీకులను వెదకబూనినచో మొదట చేతికందునది ఇంటిలోని షజ్రా, పిదప ఇనాం రిజిస్టరు. ఈ రెండింటికి పొత్తు కుదరనప్పుడు దేనిని నమ్మవలె?

మొదట సంవత్సరములు సరిచూడవలెను. 1800లో నైజాము ఈ సీమను కంపెనీకి ఇచ్చివేసెను. ఆ తరువాతను రెవెన్యూ లెక్కలు ఫసలీలోనే సాగినవి; ఇంటి పత్రములలో హిజ్రీ కానవచ్చును. ఫసలీకి 590 కూడిన క్రీస్తుశకము వచ్చును. హిజ్రీ చాంద్రమానము గనుక అట్లు కుదరదు. ఉత్త 1276 అని ఉన్నచో హిజ్రీగా అది 1859-60, ఫసలీగా 1866-67. ఏడేండ్ల తేడాలో తండ్రి స్థానమున కొడుకు వచ్చి కూర్చుండును! తాత పేరు మనుమనికి పెట్టు వాడుక దీనికి తోడు.

అసలు చిక్కు వేరొకటి. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను రిజిస్టరులో అనుభవదారుని పేరే గాక, ఇనాం ఎందులకిచ్చిరో కూడ ఉండును. షజ్రా "మా తాతకిచ్చిన భూమి" అనును; రిజిస్టరు "మసీదు సేవకు" అనును. సేవకైనచో అది వక్ఫు స్వభావము గలది, సొంత ఆస్తివలె పంచుకొన వీలులేదు. కావున ఇది ఊసుపోని విచారణ కాదు. భూమి విషయమున మేము రిజిస్టరునే ముందుంచుదుము. అది అధికారి విచారించి వ్రాసినది. అయితే అందలి పాత తరముల పేర్లు అనుభవదారు నోటిమాటయే కావచ్చును. అచ్చట షజ్రాకును చోటీయవలెను. ఆడపడుచుల పేర్లు రెండింటను అరుదు. వానికి ఖాజీల నికాహు పుస్తకములే శరణ్యము, వధువు తండ్రి పేరు వానిలో దొరకును.