కొండపై కుటీరమునకు మిగులు జనరేటరు

కరెంటు తీగ చేరని కొండవాలున తోట గల మిత్రులొకరు అచట చిన్న కుటీరము కట్టుకొనిరి. మిగులు సామగ్రి వేలములో 25 కె.వి.ఎ. డీజిల్ జనరేటరు చౌకగా వచ్చుచున్నదని, కొనవచ్చునా యని మమ్మడిగిరి. యంత్రము నడచిన గంటలు స్వల్పము. అయినను వలదంటిమి. కారణమును శ్రోతలకు వివరింతుము.

ముందుగా లెక్కింపవలసినది ఇంటి అవసరము. యంత్రముయొక్క శక్తి తరువాతి మాట. ఆ కుటీరములో 10 వాట్ల దీపములు ఆరు, 75 వాట్ల ఫ్యానులు రెండు, 20 వాట్ల రేడియో ఒకటి కలవు. ఇవి కలిసి 230 వాట్లు. అర హార్సుపవరు నీటి మోటారుకు సుమారు 600 వాట్లు. మోటారు బయలుదేరునపుడు నాలుగైదు రెట్ల కరెంటు లాగును గాని, అది క్షణకాలమే. 5 కె.వి.ఎ. యంత్రము దానికి చాలును. 25 కె.వి.ఎ. యంత్రముపై ఈ భారము నూటికి నాలుగు పాళ్లు మాత్రమే.

భారము తక్కువైన మేలే గదా యని కొందరికి తోచవచ్చును. డీజిల్ ఇంజను విషయమున అట్లు గాదు. భారము చాలనిచో సిలిండరు తగినంత వేడెక్కదు. డీజిల్ పూర్తిగా మండదు. మసి ఇంజెక్టర్లను, పిస్టన్ రింగులను పట్టును. పొగగొట్టమునుండి నల్లని జిడ్డు కారును. కనీసము మూడవవంతు భారమైనను ఉండుట మంచిది. అందుచేత మోటారు నీరెత్తు వేళనే బ్యాటరీలకు చార్జింగు పెట్టవలెను. పిదప యంత్రమును ఆపి, రాత్రి దీపములను బ్యాటరీలపై నడుపుకొనవచ్చును.

ఇక పరీక్ష. మన దేశపు కరెంటు 50 సైకిల్సు. నిమిషమునకు 1500 చుట్లు తిరుగు యంత్రము 3000 చుట్ల దానికన్న నెమ్మదియైనది. సాధారణముగా ఎక్కువకాలము మన్నును. 1800 చుట్లని పలకపై నున్నచో అది 60 సైకిల్సుది కావచ్చును. మూడు ఫేజుల యంత్రమైనచో ఒక్క ఫేజునుండి మొత్తము శక్తిలో మూడవవంతే లభించును.

నడచిన గంటలు తక్కువని మురియరాదు. ఏండ్ల తరబడి కదలక పడియున్న యంత్రములో రబ్బరు గొట్టములు బిరుసెక్కును, డీజిల్ పంపు పట్టుకొనిపోవును. బేరమునకు వెళ్లినపుడు ముందుగా ఇంజనును చేతితో తాకి చూడవలెను. వెచ్చగా నున్నచో అమ్మువారు ముందే నడిపియున్నారన్న మాట. చల్లారిన పిదప మరల స్టార్టు చేయించవలెను. హీటర్ల భారము పెట్టి గంటసేపు నడిపింపవలెను. నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలు మండుచున్నది. నల్లపొగ విడువనిచో ఇంజెక్టర్లనో, గాలి ఫిల్టరునో చూడవలెను. విడిభాగములు దగ్గరి పట్టణమున దొరకునా యని విచారించుటయు అవసరమే.

అన్నిటికన్న ముఖ్యమైనది ప్రాణము. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయగలదు. వానకు భయపడి యంత్రమును వరండాలోనో, కిటికీ క్రిందనో ఉంచరాదు. ఇంటికి దూరముగా, గాలి ఆడు పాక వేసి, పొగగొట్టమును ఇంటికి ఎదురుదిశకు త్రిప్పవలెను.

మిత్రులు పెద్ద యంత్రమును వదలి, 5 కె.వి.ఎ. దానిని కొనిరి. అది సాయంకాలము రెండు గంటలు నడచును. తరువాత బ్యాటరీపై రేడియో నిశ్శబ్దములో వినవచ్చును.