పొంతన ఉన్న మాట

తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులలో రోగిని చేర్చుకునేటప్పుడు రాసే కేస్ షీట్‌లో, నాడి, రక్తపోటు వంటి వివరాల పక్కన ‘కాన్షస్’, ‘కొహిరెంట్’ అనే రెండు ఇంగ్లీషు మాటలు జంటగా కనిపించడం పరిపాటి. మొదటిదానికి స్పృహలో ఉన్నారని అర్థమని దాదాపు అందరికీ తెలుసు. రెండోదాన్ని మాత్రం మొదటిదానికి తోకగా చేరిన మాటలా చదివి వదిలేయడమే ఎక్కువ. కానీ చావుబతుకుల మధ్య ఉన్న మనిషి చెప్పిన మాటను కోర్టు నమ్మాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆ వదిలేసిన మాట దగ్గరే వాదోపవాదాలన్నీ ఆగుతాయి.

లాటిన్‌లో ఒకదానినొకటి అంటిపెట్టుకుని ఉండడమనే అర్థం గల క్రియ నుంచి పుట్టిన ఈ మాటను భౌతికశాస్త్రంలో లేజర్ కాంతికీ వాడతారు; అలలన్నీ ఒకే లయలో సాగే కాంతి అని అక్కడ దాని భావం. మనుషుల మాటల విషయంలో దీనికి తెలుగులో దగ్గరగా వచ్చేది ‘పొంతన’. పొంతన లేని జవాబులు చెబుతున్నాడని పత్రికలు రాసేటప్పుడూ, మాటకూ మాటకూ పొంతన లేదని ఇంట్లో విసుక్కునేటప్పుడూ తెలుగువారు చెప్పేది ఈ గుణం లేకపోవడం గురించే.

స్పష్టత, నిలకడ, పొంతన అనే మూడింటినీ ఒకటిగా కలిపేయడం వల్లనే చిక్కు వస్తుంది. ఒంటికి ఎలా నిప్పంటుకుందని అడిగినప్పుడు రోగి తన ఊరు ములకలపల్లి అనీ, నిన్న వాన పడిందనీ, తమ్ముడికి రెండెడ్లు ఉన్నాయనీ తడబడకుండా చెప్పాడనుకుంటే, అందులో ప్రతి వాక్యమూ స్పష్టంగానే ఉంది, అవి ఒకదానికొకటి విరుద్ధంగానూ లేవు. అయినా అడిగిన ప్రశ్నకూ ఆ వాక్యాలకూ, ఆ వాక్యాలకు తమలో తమకూ ఏ ముడీ లేదు. మరొకరు అదే ప్రశ్నకు మూలుగుతూ, మధ్యమధ్య ఊపిరందక ఆగుతూ, దీపం, చీర కొంగు, పడింది అని మూడు ముక్కలు మాత్రమే పలికితే, వాటిలో స్పష్టత తక్కువే గానీ ఏం జరిగిందో వినేవారికి అందుతుంది. కొహిరెంట్ అనదగినది ఈ రెండో మనిషి మాట.

ఈ విచారణ తెలుగువారికి కొత్తదేమీ కాదు. తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం వాక్యార్థం తెలియడానికి మూడు హేతువులను చెబుతుంది. ఒక పదం తనను పూర్తి చేసే మరో పదాన్ని కోరడం ఆకాంక్ష, పదాల అర్థాలు ఒకదానితో ఒకటి కుదరడం యోగ్యత, వాటిని జాప్యం లేకుండా వెంటవెంటనే పలకడం సన్నిధి. వీటిలో ఏది లోపించినా పదాల గుంపు ఉంటుంది గానీ వాక్యం ఉండదని తార్కికుల నిర్ణయం. అయితే ఊపిరి అందని రోగి విషయంలో సన్నిధిని పట్టుకుని కూర్చుంటే అన్యాయమే జరుగుతుంది కాబట్టి, వైద్యులు మిగిలిన రెండింటినే ఎక్కువగా చూస్తారనవచ్చు. 1974లో వెలువడిన గ్లాస్గో కోమా స్కేల్ మాటకు ఇచ్చే మార్కులలోనూ ఇదే కనిపిస్తుంది. కాలమూ స్థలమూ తెలిసి సరిగా బదులిస్తే 5, సంభాషణ సాగుతున్నా అయోమయం ఉంటే 4, సందర్భానికి అతకని మాటలు పలికితే 3, అర్థం కాని శబ్దాలకు 2, ఏమీ పలకకపోతే 1. మూడు మార్కులు వచ్చిన రోగి కూడా పలుకుతున్నది పదాలనే, అవి చెవికి స్పష్టంగా వినపడవచ్చు కూడా, లేనిది పొంతన.

మరణానికి కారణమేమిటో, ఏ పరిస్థితులు దానికి దారితీశాయో చనిపోయిన వ్యక్తి అంతకుముందు చెప్పిన మాటను మరణ వాంగ్మూలం అంటారు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 32వ సెక్షన్ దీనికి చోటిచ్చింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 26వ సెక్షన్ అయింది. సాధారణ సాక్షి చేత ప్రమాణం చేయిస్తారు, ఎదుటి పక్షం వకీలు అడ్డప్రశ్నలు వేస్తాడు. ఈ సాక్షికి ఆ రెండూ ఉండవు. పైగా నమ్మదగినదని తేలితే, వేరే ఆధారం తోడు లేకపోయినా దాని మీదే శిక్ష వేయవచ్చునని సుప్రీంకోర్టు 1957లోనే ఖుషాల్ రావు కేసులో చెప్పింది. అందుచేత చెప్పినవారి మతి ఆ క్షణాన ఎలా ఉందన్నదే మొత్తం కేసుకు ఆధారమయ్యే సందర్భాలు వస్తాయి.

ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లి 1999లో తీర్పు వచ్చిన ఒక కేసులో చర్చంతా ఇక్కడే తిరిగింది. వాంగ్మూలం తీసుకున్నంతసేపూ రోగి స్పృహలో ఉన్నట్టు డాక్టరు రాశారు గానీ, మతి స్థిమితంగా ఉందని రాయలేదు. స్పృహ వేరు, చెప్పగల స్థితి వేరు అని గుర్తించిన న్యాయస్థానం, మతి స్థిమితంగా ఉందన్న సర్టిఫికెట్ లేకుండా, వాంగ్మూలం రాసుకున్న మేజిస్ట్రేటుకు కలిగిన నమ్మకం మీదే ఆధారపడడం ప్రమాదకరమని భావించి ఆ వాంగ్మూలాన్ని పక్కన పెట్టింది. మూడేళ్ల తరువాత, 2002 ఆగస్టు 27న, మహారాష్ట్రకు చెందిన లక్ష్మణ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఈ అభిప్రాయాన్ని సరిదిద్దింది. డాక్టరు సర్టిఫికెట్ జాగ్రత్త కోసం పెట్టుకున్నదే తప్ప తప్పనిసరి కాదని, ప్రశ్నలడిగి జవాబులను బట్టి రోగి స్థితి సరిగా ఉందని మేజిస్ట్రేటు తృప్తి పడితే చాలునని తేల్చింది.

పైకి చూస్తే రెండో తీర్పు నియమాన్ని సడలించినట్టు అనిపిస్తుంది గానీ, అది పొంతనను సరైన చోటికి చేర్చిందనడమే న్యాయం. పొంతన నాడిలాగా రోగి ఒంట్లో ఉండి వేలికి తగిలేది కాదు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య మాత్రమే తెలిసేది. ఏ ప్రశ్నా అడగకుండా కొహిరెంట్ అని రాసిన సర్టిఫికెట్ కన్న, అడిగిన నాలుగు ప్రశ్నలూ వచ్చిన నాలుగు జవాబులూ ఉన్న కాగితం ఎక్కువ చెబుతుంది. 1990లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌లోని 33వ నియమం ఈ పనిని విడమరిచి చెబుతుంది. మేజిస్ట్రేటు ముందు తానెవరో చెప్పాలి. వాంగ్మూలం ఇవ్వగల స్థితిలో ఉన్నారా అని అడగాలి. మనసు స్థితి తెలిసేలా తేలికైన ప్రశ్నలు వేయాలి. ఆ ప్రశ్నలనూ జవాబులనూ, సైగలుంటే వాటినీ, తనకు కలిగిన నిర్ణయాన్నీ రాయాలి. వీలైతే డాక్టరు సర్టిఫికెట్ తీసుకోవాలి. వాంగ్మూలాన్ని వీలైనంత వరకు చెప్పినవారి మాటల్లోనే ఎక్కించాలి. పేరేమిటి, ఇప్పుడెక్కడ ఉన్నారు, పక్కన ఉన్నదెవరు వంటి ప్రశ్నలకు విలువ సమాచారంలో లేదు, ఆ పేరు ఎలాగూ కేస్ షీట్‌లో ఉంటుంది. అడిగినదానికే జవాబు వస్తున్నదా అన్నదే అక్కడ పరీక్ష.

నిలకడ ప్రశ్న వేరే సందర్భంలో వస్తుంది. ఒకే మనిషి ముందు బంధువులకూ, తరువాత పోలీసులకూ, ఆపైన మేజిస్ట్రేటుకూ చెప్పిన మాటలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని కోర్టులు చూస్తాయి. మూడు వాంగ్మూలాలు విడివిడిగా పొంతనతో ఉండి కూడా ముగ్గురు వేర్వేరు నేరస్థులను చూపవచ్చు.

పై ఉదాహరణలో రోగి చెప్పిన ములకలపల్లి వంటి చోట ఈ వ్యవహారానికి ఇంకో మెలిక ఉంది. ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్న ఈ మండలంలో కోయల ఊళ్లు ఎన్నో ఉన్నాయి. కోయ భాష గోండికి దగ్గరి చుట్టం. తెలుగులాగే ద్రావిడ కుటుంబానిదే అయినా తెలుగు తెలిసినంత మాత్రాన అర్థం కాదు. సంతలోనూ ఆఫీసులోనూ తెలుగు మాట్లాడే మనిషి కూడా నొప్పిలో, భయంలో చిన్ననాటి భాషలోకి జారిపోవడం సహజం. అప్పుడు మంచం పక్కన నిలబడిన తెలుగు అధికారికి అది అతకని మాటలుగా వినిపిస్తే, లోపించినది రోగి మతి కాదు, వినేవారి భాష. తెలుగులో వేసిన ప్రశ్న సగం అర్థమై వచ్చిన సగం జవాబు కూడా కాగితం మీద అయోమయంగానే కనిపిస్తుంది.

గొంతు తెగి మాటే రాని ఒక బాలిక, పేర్లు చదువుతుంటే చేతి సైగతో ఇచ్చిన జవాబును 1885లోనే అలహాబాద్ హైకోర్టు వాంగ్మూలంగా అంగీకరించింది. అడిగిన ప్రశ్నలు రుజువైతే, ఆ ప్రశ్నలతో కలిపి చూసినప్పుడు సైగకు అర్థం వస్తుందన్నదే దానికి ఆధారం. కోయలో పలికిన మాటకూ ఇదే దారి వర్తిస్తుంది. ప్రశ్నను కోయలోకి మార్చి చెప్పినదెవరో, ఏ మాటలతో చెప్పారో, రోగి పలికిన మాట ఏదో, దానికి తెలుగులో ఏమని అర్థం చెప్పారో వరుసగా రాసి ఉంటే, పొంతన ఉందో లేదో ఆ గదిలో లేని న్యాయమూర్తి కూడా తరువాతెప్పుడో చదివి తేల్చుకోగలుగుతారు.