పసుపు పుట్టుక తెలియుటెట్లు?

ఆర్మూరు రైతు ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టిన పసుపుకొమ్మును అనుభవజ్ఞుడు చూచి పోల్చుకొనగలడు. పొడియైన పిమ్మట దాని ఊరేదో, అందు కలిసినదేదో కన్నులకు తెలియదు. సీసపు క్రోమేటు కలిపిన పొడి మరింత పచ్చగా మెరయును; అందలి సీసము పిల్లల మెదడును చెరచును.

2016 ఏప్రిల్ 14న 21 మార్కెట్లతో ఆరంభమైన ఈ-నామ్ పథకమున నిజామాబాదు యార్డు తొలినుండియు ఉన్నది. ఈ పద్ధతిలో ప్రతి కుప్పకు ఒక సంఖ్య నిచ్చి, రైతు పేరు, తూకము, వెల కంప్యూటరున నమోదు చేయుదురు. మరలోను, పొట్లముపైనను అదే సంఖ్య తెగక కొనసాగినచో, క్యూఆర్ కోడును ఫోనుతో చదివి గృహిణి పసుపు పుట్టుకను తెలిసికొనగలదు.

అయితే కోడు నమోదునకే సాక్షి, పొడికి కాదు. మంచి కోడును కల్తీ పొట్లముపై అంటింపవచ్చును. కావున ప్రయోగశాల పరీక్షాఫలితమును గూడ ఆ సంఖ్యకు జతపరుపవలెను. రైతు పేరును, బిడ్డ ఆరోగ్యమును కాపాడునది ఆ జతయే.