సర్టిఫికెట్టులో గిరిజనుడు: సాలూరు నమ్మని కాగితం

సాలూరు: ఈ ప్రాంతంలో ‘దొర’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. కోటలోని జమీందారును దొర అంటారు. ఆయన ఎదట భుజం మీది తుండు తీసి చేత పట్టుకు నిలబడే రోజులు ముసలివాళ్ళకు ఇంకా గుర్తున్నాయి. కొండ మీద పోడు కొట్టుకుని, చింతపండూ పసుపూ కావిడి కట్టి సంతకు దింపే కొండదొర కూడా దొరే. అయితే ఆయన ఎదట తుండు తీసినవాడు లేడు. సంతలో తూకం సరిగా వేస్తే అదే పదివేలు.

సర్కారు కాగితంలో గిరిజనుడని రాస్తే గిరిజనుడైపోతాడా అన్న తగవు ఈ సాలూరులో ఏళ్ళ తరబడి నడిచింది. టీ బడ్డీల దగ్గరా, లారీ షెడ్లలోనూ, సంత గట్ల మీదా జనం ఒక మాట అనుకునేవారు. ఆఫీసు కాగితం ఇంకో మాట చెప్పేది. చివరకు హైకోర్టు తేల్చినప్పుడు నిలిచింది జనం మాటే.

సాలూరు శాసనసభ స్థానం షెడ్యూల్డు తెగలకు కేటాయించినది. రాష్ట్రంలో మొత్తం 175 స్థానాలుంటే అందులో గిరిజనులకు దక్కినవి ఏడే. పాలకొండ, కురుపాం, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరం, పోలవరం. ఈ ఏడు చోట్ల ఓటు అన్ని కులాలవారికీ ఉంటుంది. నిలబడే హక్కు మాత్రం గిరిజనుడికే. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 5వ సెక్షను ఆ మాట స్పష్టంగా చెబుతోంది. పొలం లేనివాడికి పోరంబోకులో ఇచ్చిన సెంటు భూమి వంటిది ఆ కుర్చీ. దాన్ని ఇంకొకరు దున్నుకుంటే పోయేది పట్టాదారు బతుకే.

మూడు ఎన్నికలు, ఒక పిటిషను

సాలూరు జమీందారీ కుటుంబీకుడిగా పేరున్న రాజేంద్ర ప్రతాప్ భంజ్‌దేవ్ తెలుగుదేశం అభ్యర్థిగా 1994లో ఇక్కడినుంచి గెలిచారు. 1999లో గెలిచారు. 2004లో రాష్ట్రమంతటా తెలుగుదేశం దెబ్బతిన్నా సాలూరులో ఆయన మళ్ళీ గెలిచారు. ఆయనకు ఓట్లు లేవని ఎవరూ అనలేరు. తాను గిరిజనుడనేనని ఆయన చెప్పుకున్నారు. నామినేషన్లు చెల్లాయి కూడా.

కోటలో పుట్టినవారు గిరిజనులెలా అయ్యారని పట్టణంలో అడగని బడ్డీ లేదు. అడిగినవారికి ఆఫీసులో దొరికే జవాబు ఒకటే: కాగితం ఉంది. ఆ జవాబుతో నోరు మూతపడేది గాని మనసు ఒప్పుకునేది కాదు. సంబంధాలు ఎక్కడ కలుపుకుంటారు, పెళ్ళిపందిట్లో ఎవరు పక్కన కూర్చుంటారు, ఏ గ్రామదేవతకు ఎవరు కోడిని కోస్తారు అన్నవి పల్లెలో రికార్డు అవసరం లేని సంగతులు. సర్కారుకు అవి సాక్ష్యాలుగా ఆనవు.

2004లో కాంగ్రెసు తరఫున ఓడిపోయిన పీడిక రాజన్నదొర ఊరుకోలేదు. ఎన్నికల పిటిషను వేశారు. ఫలితం ప్రకటించిన 45 రోజులలోగా హైకోర్టులో వేస్తేనే అది చెల్లుతుంది. 46వ రోజున ఎంత గొప్ప సాక్ష్యం పట్టుకెళ్ళినా తలుపు తీయరు. ఈ లెక్క పల్లెల్లో చాలామందికి తెలియదు. తెలిసినవారికి వకీలు ఫీజు ఎక్కడినుంచి తేవాలన్నది ఇంకో లెక్క.

2006లో హైకోర్టు తీర్పు చెప్పింది. భంజ్‌దేవ్ షెడ్యూల్డు తెగకు చెందినవారు కారని, ఆ ఎన్నిక చెల్లదని కొట్టివేసి, రాజన్నదొర ఎన్నికైనట్లు ప్రకటించింది. ఓట్లలో ఓడినాయన అలా శాసనసభ్యుడయ్యారు. ఆ తరువాత 2009, 2014, 2019 ఎన్నికల్లో ఓట్లతోనే గెలిచారు. 2022లో ఉపముఖ్యమంత్రి అయి గిరిజన సంక్షేమ శాఖ చూశారు.

కోర్టు విచారించింది 2004 ఎన్నికను మాత్రమే. అంతకు ముందరి రెండు ఎన్నికల మీద ఆ తీర్పు పనిచేయదు. అప్పుడు కోర్టు మెట్టెక్కి గెలిచినవారు లేకపోవడంతో ఆ పదేళ్ళూ రికార్డులో అలాగే నిలిచిపోయాయి.

అంతటితోనూ కథ ముగియలేదు. 2014లోనూ 2019లోనూ భంజ్‌దేవ్ ఇదే స్థానంలో తిరిగి పోటీ చేశారు, రెండుసార్లూ ఓడిపోయారు. కోర్టు కాదన్నాక నామినేషను ఎలా చెల్లిందని అడగని ఊరు లేదు. నామినేషన్ల పరిశీలన రోజున రిటర్నింగు అధికారి తాత ముత్తాతల చిట్టా విప్పడు. ముందున్న పత్రాలు చూసి గబగబా తేలుస్తాడు. అభ్యంతరం ఉన్నవారు గెలిచిన తరువాత పిటిషను వేసుకోవాలి. చట్టం తీరు అది. ఓడినవారి మీద పిటిషను ఎవరు వేస్తారు? ప్రశ్న ప్రశ్నగానే మిగులుతుంది, సంతలో గుసగుస పెరుగుతుంది.

శృంగవరపుకోట సంగతి

సాలూరు ఒక్కటే కాదు. ఇప్పుడు జనరలు స్థానమైన శృంగవరపుకోట 2009కి ముందు గిరిజన స్థానమే. 1999లో అక్కడ తెలుగుదేశం తరఫున గెలిచిన శోభా హైమావతీదేవి ఎన్నిక మీదా ఇటువంటి తగవే వచ్చింది. తల్లి భగత తెగ, భర్త భగత తెగ, తన చేతిలో సర్టిఫికెట్టు ఉంది అన్నది ఆమె వాదన. తండ్రి గిరిజనుడు కాడు. హైకోర్టు ఎన్నిక చెల్లదన్నది. 2005 జనవరి 28న సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. పెళ్ళి చేసుకున్నంత మాత్రాన గిరిజనుల కుర్చీకి హక్కు రాదని, సర్టిఫికెట్టు ఉన్నా ఎన్నికల పిటిషనులో కోర్టు నిజానిజాలు విచారించవచ్చని చెప్పింది.

మంచి తీర్పే. అయితే అది వచ్చేటప్పటికి 1999 నాటి శాసనసభ ఎప్పుడో రద్దయింది, 2004 ఎన్నికలు కూడా జరిగిపోయాయి. గాదె ఖాళీ అయ్యాక తాళంకప్ప దొరికినట్టు.

ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుంటే జనానికి సర్కారు కాగితం మీద అనుమానం ఎందుకు పుట్టిందో వేరే చెప్పనక్కరలేదు. అనుమానం పుట్టించినవారు ప్రచారకులు కారు. పత్రం మీది గుండ్రని ముద్రే ఆ పని చేసింది.

కాగితం ఎలా పుడుతుంది

గిరిజన సర్టిఫికెట్టు ఇచ్చే అధికారం 1997 నాటి నిబంధనల ప్రకారం రెవెన్యూ డివిజనల్ అధికారిది, లేదా సబ్ కలెక్టరుది. సాలూరువారికి అది పార్వతీపురం ఆఫీసు. దరఖాస్తు మీద కింది ఆఫీసువారు విచారణ చేసి రిపోర్టు పంపుతారు. బడి రిజిష్టరులో కులం, తండ్రి కాగితాలు, ఊళ్ళో విచారణ, ఇవన్నీ అందులో ఉండాలి. ఆ విచారణ గుడిసె గుమ్మం దగ్గర జరిగితే నిజం బయటపడుతుంది. ఆఫీసు బల్ల దగ్గర జరిగితే బల్లకు ఎదురుగా కుర్చీలో కూర్చున్నవాడి మాట పైకొస్తుంది. నిలబడ్డవాడి మాట ఎటూ తరువాతే.

పేర్ల పోలిక ఇంకో తంటా. తెగల జాబితాలో కొండదొర ఉంది, మన్నెదొర ఉంది, కొండకాపు ఉంది. మైదానంలో ఆ పేర్లకు దగ్గరి పేర్లున్నాయి. ముందు ఒక్క మాట చేర్చితే మైదానం కొండ ఎక్కుతుంది. ఇది మన దగ్గరే పుట్టిన విద్య కాదు. మహారాష్ట్రలో బడి రికార్డుల్లో హిందూ కోలీ అని ఉన్న కుటుంబం పిల్లలు గిరిజన తెగ అయిన మహాదేవ కోలీలమని సర్టిఫికెట్టు తెచ్చుకుని పై చదువుల్లో చేరారు. ఆ కేసులో 1994 సెప్టెంబరు 2న సుప్రీంకోర్టు దేశమంతటికీ కట్టుబాట్లు పెట్టింది. ప్రతి రాష్ట్రంలో పరిశీలన సంఘం ఉండాలని, విచారణాధికారి స్వయంగా ఊరికి వెళ్ళి దేవతలు, పెళ్ళి తంతు, చావు తంతు, పూడ్చే పద్ధతి అడిగి తెలుసుకోవాలని ఆదేశించింది. అంటే పల్లెలో అందరికీ తెలిసిన సంగతులను రికార్డులోకి ఎక్కించమని చెప్పిందన్నమాట.

మన రాష్ట్రంలో ఇందుకు 1993లోనే చట్టం వచ్చింది, ఆ ఏడు 16వ నంబరు చట్టం. దొంగ సర్టిఫికెట్టు అని తేలితే జిల్లా కలెక్టరు రద్దు చేయవచ్చు. తాను ఫలానా తెగవాడినని రుజువు చేసుకునే భారం సర్టిఫికెట్టు ఉన్నవాడిదే, ఫిర్యాదు చేసినవాడిది కాదు. తప్పుడు కాగితం తెచ్చుకున్నవాడికి ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ళ దాకా కఠిన కారాగార శిక్ష ఉంది. తెలిసి తెలిసి అటువంటి కాగితం ఇచ్చిన అధికారి కూడా శిక్షార్హుడే. ఆ చివరి మాట చట్టంలో ఉన్నట్లు చాలామందికి తెలియదు. కుర్చీ పోగొట్టుకున్నవారి పేర్లు పేపర్లలో వస్తాయి. సంతకం పెట్టిన చేయి ఎవరిది అన్న ప్రశ్న రచ్చబండ దాటి పైకి పోదు.

2017 జులై 6న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. దొంగ సర్టిఫికెట్టుతో వచ్చిన ఉద్యోగం గాని, సీటు గాని, పదవి గాని ఏళ్ళు గడిచాయన్న జాలితో నిలబెట్టడానికి లేదని తేల్చింది. అంతకుముందు చాలా కేసుల్లో ‘ఇన్నాళ్ళూ పనిచేశాడు గదా’ అని వదిలేయడం పరిపాటి.

దెబ్బ తగిలేది ఎవరికి

పెద్దవారి కాగితం మీద జనానికి నమ్మకం పోయింది, సరే. అదే అనుమానం తిరిగి ఎవరి నెత్తిన పడుతోందో చూస్తే కష్టం తెలుస్తుంది. పాచిపెంట పైనున్న ఊళ్ళనుంచో, మక్కువ వైపు కొండల్లోంచో పదో తరగతి ప్యాసైన పిల్లవాడు తండ్రిని వెంటబెట్టుకుని ఆఫీసుకు వస్తాడు. తండ్రి బడి మొహం చూడలేదు, అతని పేర టీసీ ఎలా ఉంటుంది? తాతకు పట్టా లేదు, పోడుకు అడంగల్ ఎక్కడిది? ఇంటిపేరు ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా పడి ఉంటుంది. పెద్దింటి ఫైలులో ఎక్కడా తగలని ప్రశ్నలు ఈ పిల్లవాడి ఫైలులో వరసగా తగులుతాయి. ‘దొంగ సర్టిఫికెట్లు ఎక్కువైపోయాయి, జాగ్రత్తగా చూడాలి’ అంటారు. జాగ్రత్త మంచిదే. కాలేజీలో చేరే గడువు మాత్రం ఆ జాగ్రత్త కోసం ఆగదు. కొండ దిగి రావడానికి బస్సు ఖర్చు, ఒక రోజు కూలి. ఒక సంతకానికి మూడుసార్లు తిరిగితే మూడు కూలీలు.

పల్లెల్లో అనుమానం కూడా కొన్నిసార్లు హద్దు మీరుతోందనక తప్పదు. తెల్లచొక్కా వేసుకున్న గిరిజన మాస్టారునూ, పట్నంలో ఇల్లు కట్టుకున్న గిరిజన గుమాస్తానూ ‘వీడు నిజం గిరిజనుడేనా’ అనేస్తున్నారు. చదువుకుని బాగుపడడమే నేరమన్నట్టు. ఈ సంగతి మీద 2023 మార్చి 24న సుప్రీంకోర్టు చెప్పిన మాట గమనించదగ్గది. పాత ఆచారాలు తెలియనంత మాత్రాన గిరిజనుడు కాకుండా పోడని, ఆచారాల పరీక్ష ఒక్కటే గీటురాయి కాదని, రాజ్యాంగం రాకముందు నాటి పాత కాగితాలు ఉంటే వాటికే బలమెక్కువని ఆ తీర్పు సారాంశం. పట్నం హాస్టలులో పెరిగిన కొండదొర కుర్రవాడికి కొర్రకొత్త పండుగ ఎలా చేస్తారో తెలియకపోవచ్చు. అతని తాత పేరు పాత రిజిష్టరులో ఉంటే అతనికి ఢోకా లేదు.

ఆ పాత రిజిష్టర్లే ఇప్పుడు అసలు ఆస్తి. ప్రాథమిక పాఠశాలల అడ్మిషను పుస్తకాలు, జనన మరణాల చిట్టాలు, పాత దస్తావేజులు. పెద్దవారి కేసులు కోర్టులో తేలేదీ, పేద పిల్లవాడి సర్టిఫికెట్టు నిలిచేదీ వీటి మీదే. పాతబడిన బడుల్లో ఇవి బీరువా అడుగున చెద పట్టకుండా ఉన్నాయో లేదో ఒకసారి తీసి చూడమని, చిరిగినవాటికి నకళ్ళు రాయించి ఆఫీసులో భద్రపరచమని కొండ ఊళ్ళ పెద్దలు కోరుతున్నారు. వానాకాలం రాకముందే ఆ పని కావాలి, కురిసే బడులు కొండ మీద ఇంకా ఉన్నాయి.