రెక్కలు చవక, తాడు ఖరీదు

ఇంజను లేని విమానం కొనుక్కోవాలన్న ముచ్చట పుదుచ్చేరిలో తీరాలంటే ముందు తేల్చుకోవాల్సింది దాని ధర కాదు

యూరప్‌లో వాడిన ఒంటి సీటు గ్లైడర్ ఒకటి పది, పదిహేను వేల యూరోలకు దొరుకుతుంది. దాన్ని విప్పి పెట్టుకునే ట్రెయిలర్ చాలాసార్లు ఆ ధరలోనే వస్తుంది. ఇప్పటి మారకం రేటున పది, పదిహేను లక్షల రూపాయలు. పుదుచ్చేరి వీధుల్లో తిరుగుతున్న ఓ మాదిరి కారు ధర. పైగా ఇంజను లేదు కాబట్టి పెట్రోలు ఖర్చు ఉండదు. విమానమంటే కోటీశ్వరుల వ్యవహారమనుకునే మధ్యతరగతి ఔత్సాహికుడికి ఈ లెక్క ఎంతో ఊరటనిస్తుంది. తీరా దిగాకే అసలు లెక్క వేరని తెలుస్తుంది.

గ్లైడర్ తనంతట తాను లేవలేదు. ఎవరో ఒకరు పైకి లాగాలి. లాగడానికి రెండే ప్రధాన మార్గాలు. ఒకటి, మరో చిన్న విమానానికి తాడు కట్టి లాగించడం. అంటే ఇంకో విమానం, ఇంకో పైలట్, ఆ ఇంధనం బిల్లు. రెండోది వించ్. రన్‌వే చివర పెట్టిన పెద్ద డ్రమ్ము సుమారు కిలోమీటరు పొడవు తాడును శరవేగంగా చుట్టేస్తుంటే, దాని రెండో కొసకు తగిలించిన గ్లైడర్ గాలిపటంలా నిక్కి నిమిషం లోపే మూడు, నాలుగు వందల మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అక్కడ తాడు వదిలేసి, పైకి లేచే గాలిని వెతుక్కోవాలి. దొరకకపోతే ఐదారు నిమిషాల్లో మళ్లీ నేల మీదే. వించ్‌తో లాగడం చవకే కానీ దానికి వించ్ నడిపేవాడు, రెక్క పట్టుకునేవాడు, సంకేతాలిచ్చేవాడు, శిక్షకుడు కావాలి. గ్లైడర్ ఒక్కరు కొనుక్కోవచ్చు. ఎగరాలంటే మాత్రం పదిమంది ఉండాలి.

పుదుచ్చేరిలో ఆ పదిమందీ లేరు. లాస్‌పేట విమానాశ్రయంలో ఉన్నది ఒకటిన్నర కిలోమీటరు రన్‌వే. 2024 డిసెంబరులో ఇండిగో బెంగళూరు, హైదరాబాద్‌లకు ఏటీఆర్ సర్వీసులు మొదలుపెట్టింది. ప్రయాణికుల విమానాలు దిగే చోట నేల మీద కిలోమీటరు తాడు పరచి కూర్చోవడం కుదిరే పని కాదు. గాలి కూడా అంత అనుకూలం కాదు. గ్లైడర్లకు ప్రాణం పోసేది థర్మల్, అంటే ఎండకు కాగిన నేల నుంచి స్తంభంలా లేచే వేడిగాలి. తీర పట్టణంలో నేల బాగా కాగే వేళకు సముద్రపు గాలి తిరుగుతుంది. ఆ చల్లని తేమగాలి థర్మల్స్‌ను అణచివేస్తుంది. పట్టణానికి ఉపశమనమిచ్చే గాలే గ్లైడర్‌కు శత్రువు. అదే గాలి పశ్చిమానికి సాగుతూ లోపలి వేడిగాలిని ఢీకొన్నచోట బారుగా పైకి నెట్టే గీత ఒకటి ఏర్పడుతుంది. అనుభవజ్ఞులు దాన్ని పట్టుకుని దూరాలు పోగలరు. కొత్తవాడు నమ్ముకోదగ్గది కాదు. కాబట్టి పుదుచ్చేరివాసి ఎగరడానికి విల్లుపురం, సెంజి దిక్కుగా లోపలి నేలల్లో మైదానం వెతుక్కోవాలి. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో ఉన్న తెలుగు పట్టణం యానాందీ ఇదే తంటా. గోదావరి డెల్టా మీద కూడా ఎండ కన్నా తేమదే పైచేయి.

దేశంలో గ్లైడింగ్‌కు ఆదరణే లేదనుకుంటే పొరపాటు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాల్లో ప్రభుత్వమే దీన్ని నెత్తికెత్తుకుంది. 1950లో పుణె దగ్గర హడప్సర్‌లో గ్లైడింగ్ కేంద్రం వెలిసింది. పౌర విమానయాన శాఖ సొంతంగా గ్లైడర్లు రూపొందించి వాటికి నక్షత్రాల పేర్లు పెట్టింది. అశ్విని 1958లో, రోహిణి 1961లో ఎగిరాయి. భరణి, కార్తీక్, మృగశిర, ఆర్ద్ర కూడా ఉన్నాయి. పంచాంగం చూసి పేర్లు పెట్టిన విమానాలు ప్రపంచంలో ఇంకెక్కడా ఉండకపోవచ్చు. పక్కపక్కన రెండు సీట్లున్న కొయ్య గ్లైడర్ రోహిణి మీద తరాల కుర్రాళ్లు గాలి పాఠాలు నేర్చుకున్నారు. ఆర్ద్ర ఎన్‌సీసీ కేడెట్ల చేతికి వెళ్లింది. వరస ఆర్ద్ర దగ్గరే ఆగింది, పునర్వసు రాలేదు. ఎన్‌సీసీ వాయు విభాగం ఇంజనున్న మైక్రోలైట్ల వైపు మళ్లింది. 2015లో రక్షణ శాఖ స్లోవేనియా కంపెనీ పిపిస్ట్రెల్ నుంచి 194 తేలికపాటి విమానాలకు ఒప్పందం చేసుకుంది. వాటిలో ఎన్‌సీసీకీ వాటా ఉంది. ఈ చరిత్రలో ఓ లోపం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గ్లైడర్‌ను ప్రభుత్వమే తయారు చేసింది, ప్రభుత్వమే నడిపింది. సభ్యులు చందాలేసుకుని సొంతంగా నడుపుకునే క్లబ్బుల సంస్కృతి మాత్రం వేళ్లూనలేదు. సర్కారు శ్రద్ధ తగ్గేసరికి ఆట మిగల్లేదు.

ఆ తేడా పుదుచ్చేరిలో కొన్ని కుటుంబాలకు బాగానే తెలిసే అవకాశముంది. ఇక్కడ ఫ్రెంచి పౌరసత్వమున్నవారు వేలల్లో ఉన్నారు. ఫ్రాన్స్‌లో 1901 నాటి సంఘాల చట్టం కింద నమోదైన గ్లైడింగ్ క్లబ్బులు వందకు పైనే. అక్కడ కుర్రవాడు సభ్యత్వం కట్టి క్లబ్బు గ్లైడర్‌నే నడుపుతాడు. వంతు వచ్చినప్పుడు ఇతరుల రెక్క పట్టుకుంటాడు. సొంత గ్లైడర్ ఊసు కొన్నేళ్ల తర్వాత. సెలవులకు బంధువుల ఇంటికి వెళ్లే పుదుచ్చేరి యువత అక్కడే నేర్చుకోవడం ఇక్కడ కొనుక్కోవడం కన్నా ఎన్నో రెట్లు చవక. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం గ్లైడర్ పైలట్ లైసెన్సుకు కనీస వయసు 16 ఏళ్లు. కనీసం ఆరు గంటల ఎగురుడు ఉండాలి, అందులో రెండు గంటలు ఒంటరిగా. కనీసం 20 సార్లు లేచి దిగాలి. కారు నేర్చుకున్నంత తేలిక కాదు గానీ అందని ద్రాక్ష కూడా కాదు.

ఇన్ని తెలిశాక కూడా కొనే తీరాలన్నవారికి మార్కెట్‌లో పాతకాపులు చాలానే ఉన్నాయి. అమెరికాలో 1954లో మొదలై పాతికేళ్లలో సుమారు 700 తయారైన ష్వైట్జర్ 1-26 మొండిది, కొత్తవాడి తప్పులను క్షమిస్తుంది. కాకపోతే దాని గ్లైడ్ నిష్పత్తి 23 మాత్రమే. అంటే నిశ్చలమైన గాలిలో కిలోమీటరు ఎత్తు నుంచి 23 కిలోమీటర్లు పోగలదు. జర్మనీవాళ్ల కేఏ-8 నిష్పత్తి 27. ఫైబర్‌గ్లాస్‌తో చేసిన గ్రోబ్ ఆస్టిర్ 38 దాకా వెళుతుంది. చవక గ్లైడర్ కోసమే ప్రపంచ స్థాయిలో ఓ ప్రయోగం కూడా జరిగింది. అందరూ ఒకే చవక గ్లైడర్‌తో పోటీపడాలన్న ఆలోచనతో అంతర్జాతీయ సమాఖ్య 1989లో డిజైన్ల పోటీ పెట్టింది. వార్సా సాంకేతిక విశ్వవిద్యాలయం రూపొందించిన పీడబ్ల్యూ-5 గెలిచింది. 1997లో టర్కీలో తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. మంచి గ్లైడరే. అయినా ఆ తరగతి పోటీలు తర్వాత మూతపడ్డాయి. అదే డబ్బుకు పాతదైనా ఇంకా దూరం పోయే ఫైబర్‌గ్లాస్ గ్లైడర్ దొరుకుతుంటే కొత్త చవకదాన్ని కొనేదెవరు?

పాతది కొంటే దాని వయసునూ కొన్నట్టే. చెకోస్లోవేకియాలో రెండు వేలకు పైగా తయారైన బ్లానిక్ ఎల్-13 శిక్షణ గ్లైడర్లకు మంచి పేరుండేది. 2010 జూన్‌లో ఆస్ట్రియాలో ఒక దాని రెక్క గాలిలోనే ఊడిపోయి ఇద్దరు మరణించారు. లోహం అలసిపోయి రెక్కలోని ప్రధాన దూలం విరిగిందని తేలింది. ప్రపంచవ్యాప్తంగా ఆ రకాన్ని నేల మీద నిలిపేశారు. అప్పటిదాకా విలువైన ఆస్తి అనుకున్నది రాత్రికి రాత్రే పాత ఇనుమైంది. అందుకే లాగ్ పుస్తకంలో ఎగిరిన గంటలు, లేచిన సార్లు, చేసిన మరమ్మతులు చూడకుండా రంగు చూసి బయానా ఇవ్వకూడదు.

పుదుచ్చేరిలో ఇంకో చిక్కు వాతావరణం. పాత కొయ్య గ్లైడర్లలో చాలావాటిని పాల విరుగుడు నుంచి తీసిన కేసీన్ జిగురుతో అతికించారు. తేమ తగిలితే ఆ జిగురుకు బూజు పడుతుంది, అతుకు లోలోపలే ఊడుతుంది, పైకి ఏమీ తెలియదు. సముద్రపు ఒడ్డున అలాంటి గ్లైడర్ ఉంచుకోవడం చెదల పుట్ట మీద పుస్తకాల బీరువా పెట్టుకోవడమే. ఫైబర్‌గ్లాస్‌కు తేమ కన్నా ఎండ దెబ్బ ఎక్కువ. పైపూత బీటలు వారితే మళ్లీ పూయించే ఖర్చు ఒక్కోసారి గ్లైడర్ ధరతో పోటీపడుతుంది. బరువు సంగతీ చాలామంది మరిచిపోతారు. చాలా గ్లైడర్లలో పైలట్ కనీస బరువు పారాచూట్‌తో కలిపి 70 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. మన బక్కపలచని కుర్రాళ్లు సీసం దిమ్మెలు పెట్టుకోక తప్పదు. వీటన్నిటి తర్వాత దిగుమతి సుంకం, వీటీ అక్షరాలతో రిజిస్ట్రేషన్, ఏటేటా అర్హత తనిఖీ ఎలాగూ ఉన్నాయి. 1934 నాటి విమాన చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లోకి వచ్చింది కానీ ఒంటరి ఔత్సాహికుడి కాగితాల బరువు తగ్గలేదు.

ఇంజను లేకుండా ఎగరాలన్నదే అసలు కోరికైతే రన్‌వే అడగని రెక్క ఒకటుంది. పారాగ్లైడర్ వీపు సంచిలో ఇమిడిపోతుంది, కొండవాలు చాలు. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్పుకు ఆతిథ్యమిచ్చిన హిమాచల్‌లోని బీర్-బిల్లింగ్ దూరమే. పుణె దగ్గర కామ్‌షెట్‌లో శిక్షణ దొరుకుతుంది. యూరప్ ప్రమాణాల్లో ఏ నుంచి డి వరకు తరగతులున్నాయి. తొలి రెక్క ఏ తరగతిదే అయి ఉండాలి, అమ్మేవాడు ఎంత ఊరించినా సరే. కొత్తది రెండున్నర, మూడున్నర వేల యూరోల మధ్య ఉంటుంది. పాతదైతే గుడ్డ లోంచి గాలి ఎంత కారుతోందో, తీగలు ఎంత సాగాయో పరీక్ష చేయించి నివేదిక చూశాకే డబ్బివ్వాలి. పైలట్ బరువు, సామాను కలిపి రెక్క మీద ముద్రించిన హద్దుల్లో పడాలి. ఇక పుదుచ్చేరికి తెచ్చాక దాన్ని మేడ మీద ఎండలో ఆరేయకూడదు, తడిగా మడతపెట్టకూడదు. ఉప్పుగాలి తగిలితే మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి.